ఏసీ గ్యాస్ సర్వీసింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు, ఇంట్లో ఏసీ మాటిమాటికీ మొరాయిస్తున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలివి. మొదటిది ఇంటివాళ్లు ఎక్కువగా అడిగేది. మిగతావాటిలో చాలావరకు మెకానిక్‌లవి.

ఏసీలో ఏటా గ్యాస్ నింపించుకోవాలా?

అక్కర్లేదు. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ నుంచి అవుట్‌డోర్ కాయిల్‌కి, అక్కడి నుంచి ఇండోర్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. పైపులు గట్టిగా ఉంటే, ఫ్యాక్టరీలో పోసిన గ్యాసే ఏసీ జీవితకాలమంతా సరిపోతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోంది. దాన్ని వెతక్కుండా పైనుంచి గ్యాస్ ఎక్కించడం సర్వీసింగ్ కాదు, చిల్లి కుండలో నీళ్లు పోయడం.

పనిలో చేరిన కొత్తలో నేనూ అలా పోసినవాణ్ణే. ఒకే ఇంటికి మూడు వేసవులు వరసగా వెళ్లి గ్యాస్ ఎక్కించి వచ్చాను. నాలుగో ఏడు ఇండోర్ యూనిట్ వెనక పైపులకు చుట్టిన టేపు విప్పి చూస్తే ఫ్లేర్ నట్టు (పైపును యూనిట్‌కి కలిపే నట్టు) చుట్టూ నూనె మరక, దాని మీద అంటుకున్న దుమ్ము. మొదటి రోజే ఆ టేపు విప్పి ఉంటే మూడు సార్ల గ్యాస్ గాలిలో కలిసేది కాదు, ఆ ఇంటివాళ్లకు అంత ఖర్చూ అయ్యేది కాదు. ఆ తప్పు నాదే.

చల్లదనం తగ్గింది. గ్యాస్ తగ్గినట్టేనా?

చాలాసార్లు కాదు. పీడనం చూపే గేజ్ తగిలించే ముందు ఫిల్టర్ చూడండి, ఇండోర్ బ్లోయర్ రెక్కల మీద పేరుకున్న మట్టి చూడండి, అవుట్‌డోర్ కాయిల్ వెనక దుమ్ము చూడండి. ఫ్యాన్ కెపాసిటర్ బలహీనపడి ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నా ఇదే లక్షణం. ఏసీ పావుగంట పూర్తి వేగంతో నడిచాక, లోపలికి పీల్చే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే గ్యాస్ జోలికి పోవాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఇండోర్ కాయిల్ మీద మంచు పేరుకుంటే అందరూ గ్యాస్ అయిపోయిందనే అనుకుంటారు. గాలి ఆడకపోయినా మంచే కడుతుంది. ముందు ఫిల్టర్ కడిగి, కాయిల్ శుభ్రం చేసి, మంచు పూర్తిగా కరగనిచ్చి, అప్పుడు కొలవండి. మురికి కాయిల్‌తో తీసిన రీడింగ్ నమ్మదగ్గది కాదు.

ఏ గ్యాస్ ఉందో ఎలా తెలుస్తుంది? ఒకదానికి బదులు ఇంకొకటి పొయ్యొచ్చా?

అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న లేబుల్ మీద గ్యాస్ పేరు (ఆర్-22, ఆర్-410ఏ, ఆర్-32 లాంటివి), బరువు, గరిష్ఠ పీడనం ఉంటాయి. ఆ లేబుల్ చదవకుండా హోస్ తగిలించకండి. హోస్ తగిలించే సర్వీస్ పోర్టు కూడా కొంత చెబుతుంది: ఆర్-22 వాటికి సన్న పోర్టు, ఆర్-410ఏ, ఆర్-32 వాటికి కాస్త పెద్దది. ఆ తేడా తప్పు గ్యాస్ ఎక్కకుండా ఆపడానికే పెట్టారు. అడాప్టర్ పెట్టి దాన్ని దాటేయకండి.

మార్చి పోయడం మాత్రం వద్దు. ఆర్-22 యంత్రంలో ఉండేది మినరల్ ఆయిల్. ఆర్-410ఏ, ఆర్-32 లకు వాడేది తేమను ఇట్టే పీల్చుకునే వేరే రకం ఆయిల్. ఆర్-410ఏ పీడనం ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది, పాత కాయిల్ దాన్ని తట్టుకునేలా చేసింది కాదు. అన్నిటికంటే భయపడాల్సింది ఆర్-22 యంత్రంలో ప్రొపేన్, అంటే ఆర్-290 పోయడం. 'చల్లగానే ఉందిగా' అంటారు. ఆ యంత్రంలోని స్విచ్‌లు, రిలేలు మండే గ్యాస్ పక్కన ఉండటానికి తయారైనవి కావు. పైగా లేబుల్ మీద ఆర్-22 అని చూసి, తర్వాత వచ్చే మెకానిక్ దాని పక్కనే టార్చ్ (పైపులు అతికే గ్యాస్ మంట) వెలిగిస్తాడు.

పనికి ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

కళ్లద్దాలు, చేతి తొడుగులు. ఇవి లేకుండా నట్టు విప్పకండి. బయటి పీడనం దగ్గర ఆర్-22 మైనస్ 41 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆర్-32 మైనస్ 52 దగ్గర. హోస్ జారి ద్రవం చర్మం మీద పడితే ఆ వేడంతా చర్మం నుంచే లాక్కుంటుంది, మాంసం గడ్డకడుతుంది. అలా జరిగితే రుద్దకండి, వేడినీళ్లు పోయకండి. గోరువెచ్చని నీళ్లలో ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూ ఉండండి, ఆ వెంటనే ఆసుపత్రికి.

గ్యాస్ గాలి కంటే బరువైనది. మూసిన గదిలో నేల మీద పరుచుకుని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. వాసన కూడా పెద్దగా ఉండదు. తల తిరిగినట్టు అనిపించగానే పని వదిలేసి బయటికి రండి. ఎవరైనా పడిపోతే వాళ్లు పీల్చింది ఏ గ్యాసో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఈ గ్యాసులు గుండె లయను దెబ్బతీస్తాయి, అలాంటప్పుడు అడ్రినలిన్ లాంటి మందులు ప్రమాదం.

కరెంటు విషయం కూడా. ఇన్వర్టర్ ఏసీలో మెయిన్ ఆపినా బోర్డు మీది కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. 230 వోల్టుల సప్లై అయితే లోపల దాదాపు 325 వోల్టుల డీసీ. కనీసం పది నిమిషాలు ఆగి, మల్టీమీటర్‌తో చూసి, అప్పుడు చెయ్యి పెట్టండి.

ఆర్-32, ఆర్-290 మండుతాయంటున్నారు. ఎంత టెన్షన్ పడాలి?

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఆర్-32 అంటుకోవాలంటే ఘనపు మీటరు గాలిలో సుమారు 300 గ్రాములు కలవాలి. 30 ఘనపు మీటర్ల గదంతా ఆ స్థాయికి చేరాలంటే 9 కిలోలు కావాలి. ఇంటి స్ప్లిట్ ఏసీలో ఉండేది కిలోకి అటూఇటూ. ప్రొపేన్‌కైతే ఘనపు మీటరుకు 38 గ్రాములు చాలు, అంటే అదే గదికి దాదాపు 1.1 కిలో.

కానీ లీకైన గ్యాస్ గదంతా సమానంగా కలిసే వరకు మన కోసం ఆగదు. మూలన, నేల దగ్గర, ఫాల్స్ సీలింగ్ లోపల, మనం మోకాళ్ల మీద కూర్చుని పనిచేసే చోటే చిక్కగా ఉంటుంది. అందుకే తలుపులు, కిటికీలు తీసి ఫ్యాన్ పెట్టండి. దేవుడి దగ్గర దీపం, పొయ్యి మంట, సిగరెట్, ఏవీ ఉండకూడదు. రికవరీ మెషీన్ (ఏసీలోని గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగేది), వాక్యూమ్ పంపు (పైపుల్లోని గాలిని, తేమను లాగేది), లీక్ డిటెక్టర్ మండే గ్యాసులకు పనికొచ్చే రకమేనా అని చూసుకోండి. గ్యాస్ ఉన్న పైపు దగ్గరికి టార్చ్ తీసుకెళ్లకండి. పైపు విప్పాల్సి వస్తే గ్యాస్ తీసేసి, నైట్రోజన్‌తో తోసేసి, కట్టర్‌తో కోయండి. టార్చ్‌తో కరిగించి ఊడదీయకండి.

మండని గ్యాస్ కదా అని ఆర్-22 దగ్గర ఏమరుపాటు కూడదు. మంట తగిలితే అది విడిపోయి ఘాటైన ఆమ్ల వాయువులు, కొంత ఫాస్జీన్ అనే విషవాయువు పుడతాయి. ఫ్లోరిన్ ఉన్న ఏ గ్యాసైనా మంటలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తుంది. ముక్కు మండితే టార్చ్ ఆపి బయటికి రావడమే.

లీక్ ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

మొదట కళ్లతో. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కొద్దికొద్దిగా బయటికొస్తుంది, కాబట్టి లీక్ ఉన్నచోట జిడ్డు, జిడ్డు మీద దుమ్ము. ఫ్లేర్ నట్లు, సర్వీస్ వాల్వు పిన్ను, ఇండోర్ కాయిల్ పక్కనుండే యూ వంపులు, పైపు దేనికైనా రాసుకుపోయే చోట్లు, ఈ క్రమంలో చూడండి.

కనిపించకపోతే నైట్రోజన్. మిగిలిన గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి తీసుకుని, రెగ్యులేటర్ పెట్టి నైట్రోజన్‌ను విడతలుగా ఎక్కించాలి. మొదట 70 పీఎస్ఐ (పీడనం కొలిచే యూనిట్) దగ్గర ఐదు నిమిషాలు ఆగండి, పెద్ద లీకులు ఇక్కడే తేలతాయి. తర్వాత 200 దగ్గర ఇంకో ఐదు నిమిషాలు. ఆ తర్వాతే తయారీదారు చెప్పిన టెస్ట్ పీడనానికి వెళ్లండి. లేబుల్ మీది గరిష్ఠం దాటకండి. సిలిండర్‌లో రెండు వేల పీఎస్ఐకి పైగా ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా కలపడమంటే ప్రాణాలతో చెలగాటం.

ఇప్పుడు సబ్బు నురగ. గబగబా రాసి, ఒక చూపు చూసి వెళ్లిపోతే చిన్న లీకు దొరకదు. నురగ చిక్కగా ఉండాలి, నట్టు చుట్టూ పూర్తిగా రాయాలి, టార్చిలైటు వేసి కింది వైపు అద్దం పెట్టి చూడాలి. నట్టు కింది అంచున ముందు ఏమీ ఉండదు. రెండు మూడు నిమిషాలకు ఆవగింజంత తెల్లటి చుక్క లేస్తుంది. అది పగలదు, పక్కన ఇంకొకటి పుడుతుంది, పది నిమిషాలకు చిన్న తెల్లని గుత్తి అవుతుంది. ఏటా గ్యాస్ మింగేసే లీకు చాలాసార్లు ఇంతే ఉంటుంది.

పీడనం పట్టి రాత్రంతా ఉంచేటప్పుడు ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. సాయంత్రం 35 డిగ్రీల దగ్గర 400 పీఎస్ఐ పెట్టి, తెల్లారి 25 డిగ్రీలప్పుడు చూస్తే సుమారు 13 పీఎస్ఐ తగ్గి కనిపిస్తుంది. అది లీక్ కాదు, చల్లబడిన నైట్రోజన్ ముడుచుకోవడమే. అంతకంటే ఎక్కువ తగ్గితే మళ్లీ నురగ కలపండి.

నైట్రోజన్ లేకపోతే ఆక్సిజన్ వాడొచ్చా? గాలి కంప్రెసర్?

ఆక్సిజన్ ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ వద్దు. ఏసీ పైపుల్లో ఆయిల్ ఉంటుంది. పీడనంలో ఉన్న ఆక్సిజన్ ఆయిల్‌కి తగిలితే నిప్పు లేకుండానే పేలుతుంది. మనుషులు చనిపోయారు. మామూలు గాలీ వద్దు: దానిలో తేమ ఉంటుంది, పీడనంలో గాలి కలిస్తే మామూలుగా మండని గ్యాసులు కూడా మండే స్థితికి రాగలవు.

బ్రేజింగ్ (పైపులను కరిగిన లోహంతో అతకడం) చేసేటప్పుడు పైపులో నైట్రోజన్ వదలడం నిజంగా అవసరమా?

అతికిన పైపును ఒకసారి నిలువుగా చీల్చి చూడండి. నైట్రోజన్ లేకుండా అతికినదాని లోపల మసిలాంటి నల్లటి పొర, గోటితో గీస్తే పెళ్లలుగా రాలుతుంది. అది కాపర్ ఆక్సైడ్. ఏసీ నడిచినప్పుడు ఆ పెళ్లలు ఆయిల్‌తో పాటు కొట్టుకుపోయి గ్యాస్‌ను సన్నని దారిలో వదిలే క్యాపిలరీలోనో ఎక్స్‌పాన్షన్ వాల్వులోనో ఇరుక్కుంటాయి. నైట్రోజన్ పారుతుండగా అతికిన పైపు లోపల మాత్రం కొత్త రాగిలాగే మెరుస్తుంది. నిమిషానికి రెండు మూడు లీటర్లు చాలు, చెంపకు మెల్లగా గాలి తగిలినంత. రెండో చివర తెరిచి ఉంచండి, లేదంటే లోపల పీడనం పెరిగి కరిగిన లోహాన్ని బయటికి తోస్తుంది. సర్వీస్ వాల్వుకు తడిగుడ్డ చుట్టడం మరిచిపోకండి.

ఫ్లేర్ (నట్టులో కూర్చునేలా వెడల్పు చేసిన పైపు నోరు) ఎన్నిసార్లు చేసినా లీకవుతోంది. ఏం తప్పు చేస్తున్నాను?

కోసిన అంచు మీద గరుకును రీమర్‌తో తీయట్లేదేమో. తీసేటప్పుడు పైపు నోరు కిందికి పట్టుకోండి, రాగి పొడి లోపల పడకుండా. ఫ్లేర్ ముఖానికి ఆ యంత్రానికి సరిపడే ఆయిల్ ఒక చుక్క రాయండి. టెఫ్లాన్ టేపు, సీలెంట్ వద్దు. నట్టును ముందు చేత్తో పూర్తిగా తిప్పి, తర్వాత రెండు స్పానర్లతో, టార్క్ రెంచ్‌తో బిగించండి: పావంగుళం పైపుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అరంగుళానికి 49 నుంచి 61. బలం కొద్దీ బిగిస్తే ఫ్లేర్ పలచబడి పగులుతుంది. ఆ పగులు కొన్నాళ్ల తర్వాత గానీ తెలియదు.

వాక్యూమ్ ఎంతసేపు పెట్టాలి?

గడియారం చూసి చేసే పని కాదిది. ఇరవై నిమిషాలనీ అరగంటనీ చెబుతుంటారు. తేమ లేని చిన్న లైను పావుగంటలో అయిపోవచ్చు, వర్షంలో తెరిచి ఉంచిన లైను మూడు గంటలైనా తెమలకపోవచ్చు. చూడాల్సింది మైక్రాన్ గేజ్, అంటే పైపులో మిగిలిన అతి తక్కువ పీడనాన్ని కొలిచేది.

లోపలి గాలిని తీయడం వాక్యూమ్ పనిలో సగమే. మిగతా సగం తేమను తీయడం. 20 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే పీడనం సుమారు 17,500 మైక్రాన్లకు తగ్గాలి, మామూలు గాలి పీడనం 7,60,000. ఇంకా కిందికి, 500 మైక్రాన్ల దాకా లాగితేనే ఆయిల్‌లో, మూలల్లో దాక్కున్న తేమ వదులుతుంది. మ్యానిఫోల్డ్ గేజ్ (గ్యాస్ పీడనం చూసే మామూలు గేజ్) మీద సూది చివరికి వెళ్లిందని సంతోషపడకండి. దాని మీద ఒక అంగుళం గీత అంటే 25,400 మైక్రాన్లు. 500 కీ 5,000 కీ తేడా ఆ సూది చూపించలేదు.

గేజ్‌ను పంపు దగ్గర కాకుండా దూరపు చివర పెట్టండి. పిన్ను తీసే టూల్ వాడి, లావు హోస్ పెడితే సమయం బాగా తగ్గుతుంది. పంపు ఆయిల్ పాలలా తెల్లబడితే అది తేమతో నిండిపోయినట్టు, మార్చండి.

500 కిందికి వచ్చాక వాల్వు మూసి, పంపు ఆపి, పది నిమిషాలు గేజ్ వైపే చూడండి. అంకె కొంచెం లేచి ఆగిపోతే మంచిది. ఎక్కి 1,500 దగ్గరో 2,000 దగ్గరో నిలబడితే తేమ మిగిలింది. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు. తేమ అయితే పొడి నైట్రోజన్ వదిలి వాక్యూమ్‌ను తెంపి మళ్లీ లాగండి, అవసరమైతే మూడుసార్లు. వాక్యూమ్‌లో ఉండగా కంప్రెసర్‌కు కరెంటు ఇవ్వకండి, లోపలి టెర్మినల్స్ దగ్గర మెరుపు కొట్టి కాలిపోతుంది.

పైపులో గాలిని గ్యాస్‌తోనే బయటికి తోసేస్తే సరిపోదా?

సరిపోదు. గాలి కొంత పోతుంది, తేమ పోదు. ఆ తేమ కొత్త రకం ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి మోటారు వైండింగ్‌ను తినేస్తుంది.

గ్యాస్ ఎంత పోయాలి? పీడనం చూస్తే చాలదా?

బరువు తూచి పోయండి. లేబుల్ మీద బరువు ఉంటుంది, పైపు పొడవు ఎక్కువైతే మీటరుకు ఇన్ని గ్రాములు కలపాలని కూడా ఉంటుంది. పూర్తిగా ఖాళీ చేసి, వాక్యూమ్ లాగి, త్రాసు మీద సిలిండర్ పెట్టి ఆ బరువు ఎక్కించడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

ఆర్-22 కాలంలో చాలామందికి 70 పీఎస్ఐ అనే అంకె నోటికొచ్చింది. ఆ గ్యాస్‌కు 70 అంటే కాయిల్‌లో దాదాపు 5 డిగ్రీలు, అంతవరకు సబబే. అదే 5 డిగ్రీలకు ఆర్-410ఏ 120 దగ్గర, ఆర్-32 ఇంకాస్త పైన ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలోనైతే కంప్రెసర్ వేగం మారిన ప్రతిసారీ పీడనం మారుతుంది. ఆ అంకెను పట్టుకుని గ్యాస్ పోస్తే ఎక్కువో తక్కువో అవుతుంది, ఎక్కువైతే ద్రవం కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్ని పగలగొడుతుంది.

ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, ద్రవంగానే ఎక్కించాలి. నడుస్తున్న యంత్రంలోకైతే వాల్వు కొద్దిగా తెరిచి, నెమ్మదిగా.

సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ అంటే ఏమిటి?

సూపర్‌హీట్ అంటే ఆవిరైపోయిన గ్యాస్ ఆ తర్వాత ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో చెప్పే లెక్క. ఆర్-410ఏ లో సక్షన్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే వైపు పీడనం) 120 పీఎస్ఐ ఉంటే కాయిల్‌లో 5 డిగ్రీలు. లావు పైపు మీద థర్మామీటర్ బిగించి చూస్తే 11 వచ్చిందనుకుందాం. సూపర్‌హీట్ 6. ఇది సున్నాకి దగ్గరగా ఉంటే ద్రవం కంప్రెసర్‌లోకి వస్తోందని, మరీ ఎక్కువైతే గ్యాస్ తక్కువగా ఉందని లేదా దారిలో అడ్డం ఉందని.

సబ్‌కూలింగ్ ద్రవం వైపు లెక్క, ద్రవంగా మారాక గ్యాస్ ఇంకా ఎన్ని డిగ్రీలు చల్లబడిందో: 380 పీఎస్ఐ అంటే 45 డిగ్రీలు, పైపు 39 ఉంటే సబ్‌కూలింగ్ 6. అయితే చాలా స్ప్లిట్ ఏసీల్లో క్యాపిలరీ అవుట్‌డోర్ యూనిట్‌లోనే ఉంటుంది, సన్న పైపులోకి వచ్చేసరికే గ్యాస్ చల్లబడి కొంత ఆవిరిగా ఉంటుంది. అక్కడ సబ్‌కూలింగ్ కొలిస్తే అర్థం లేని అంకె వస్తుంది. అందుకే మళ్లీ త్రాసు దగ్గరికే రావాలి.

పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేస్తే ఏమవుతుంది?

కిలో ఆర్-410ఏ వదిలితే వాతావరణాన్ని వేడెక్కించడంలో దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 దానిలో మూడో వంతు. ఆర్-22 ఓజోన్ పొరను కూడా తింటుంది. దాన్ని ఆపడానికే 1987లో మాంట్రియల్ ఒప్పందం, వేడెక్కించే గ్యాసులను తగ్గించడానికి 2016లో కిగాలి సవరణ వచ్చాయి. కానీ వాల్వు మన చేతిలో ఉంటుంది. దేశాలు సంతకాలు పెట్టినా, మనం పిన్ను నొక్కి వదిలేస్తే ఆ గ్యాస్ పోయినట్టే.

రికవరీ మెషీన్‌తో, రికవరీకి చేసిన సిలిండర్‌లోకే తీయండి. 80 శాతానికి మించి నింపకండి. ఎండకు ద్రవం ఉబ్బి, ఆవిరికి చోటు లేకపోతే సిలిండర్ చీలిపోతుంది. వాడి పారేసే సిలిండర్లలో మళ్లీ నింపడం, రెండు రకాల గ్యాస్ ఒకే సిలిండర్‌లో కలపడం, రెండూ వద్దు.

ఇల్లు మారుతున్నాం. గ్యాస్‌ను అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాక్కోవచ్చా?

లాక్కోవచ్చు, దాన్నే పంప్ డౌన్ అంటారు. కూలింగ్‌లో నడుస్తుండగా అలెన్ కీతో సన్న పైపు వాల్వు మూసి, గేజ్ సున్నాకి దగ్గరయ్యాక లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఏసీ ఆపేయాలి. ఒక్క హెచ్చరిక: లైనులో లీకు ఉన్నా, నట్టు వదులుగా ఉన్నా పంప్ డౌన్ చేయకండి. కంప్రెసర్ బయటి గాలిని పీల్చుకుని, ఆయిల్‌తో కలిపి నొక్కితే డీజిల్ ఇంజనులోలా అంటుకుని పేలుతుంది. అలాంటప్పుడు రికవరీ మెషీనే దారి. కంప్రెసర్ పూర్తిగా ఆగాకే పైపులు విప్పండి.

కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది పెడితే చాలా?

చాలదు. పాతదాని ఆయిల్ చూడండి. నల్లగా, ఘాటు వాసనతో ఉంటే ఆమ్లం లైనంతా పాకింది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి. లైను శుభ్రం చేసి, తేమను, మురికిని పట్టే కొత్త ఫిల్టర్ డ్రయర్ పెట్టి, మూడుసార్లు వాక్యూమ్ లాగాలి. అంతకంటే ముందు అది ఎందుకు కాలిందో తేల్చాలి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

మెకానిక్ వచ్చినప్పుడు ఇంటివాళ్లు ఏం గమనించాలి?

సంచిలో త్రాసు, నైట్రోజన్ సిలిండర్, వాక్యూమ్ పంపు ఉన్నాయా చూడండి. 'లీక్ ఎక్కడుంది?' అని అడగండి. చోటు చూపించగలిగితే సరైన మనిషి దొరికినట్టే. ఈ పనికి రెండు మూడు గంటలు పడుతుంది, తొందరపెట్టకండి.

పని అయ్యాక ఏం రాసిపెట్టాలి?

తేదీ, గ్యాస్ పేరు, తీసిన బరువు, పోసిన బరువు, లీకు దొరికిన చోటు, నైట్రోజన్ టెస్ట్ ఎంత పీడనంలో ఎంతసేపు నిలిచింది, చివరి మైక్రాన్ అంకె, గాలి ఉష్ణోగ్రతల తేడా. చెరగని పెన్నుతో రాసి అవుట్‌డోర్ యూనిట్ మూత లోపలి వైపు అంటించండి, ఎండా వానా తగలకుండా. సర్వీస్ వాల్వుల మూతలు కూడా బిగించి రండి, అవీ సీలులో భాగమే.